మా ఇంట్లో పొలం పోయింది కరువులో కాదు, చవక రోజుల్లో

"ఇరవయ్యో శతాబ్దం మొదటి సగంలో వచ్చిన ప్రపంచ యుద్ధాలు, ఆర్థిక మాంద్యం మన పల్లెల్లో మామూలు కుటుంబాలను ఏం చేశాయి? మీ ఇంట్లో పెద్దవాళ్ళు చెప్పిన సంగతులు ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. ఉన్నాయి. చెప్పినవి కొన్ని, కాగితాల్లో దొరికినవి కొన్ని.

మాది పాత తూర్పు గోదావరి జిల్లాలో రామచంద్రపురం దగ్గర ఒక పల్లె. కాలవ కింద వరి తప్ప ఇంకో మాట తెలియని ఊరు. నేను బ్యాంకులో ఉద్యోగం చేశాను, చాలా ఏళ్ళు పల్లెటూరి బ్రాంచీల్లోనే, పంట రుణాల సీట్లో. రిటైరయ్యాక మా పాత పెంకుటిల్లు విప్పుతుంటే అటక మీద ఒక ట్రంకు పెట్టె దొరికింది. అందులో శిస్తు రసీదులు, నాలుగు ప్రోనోట్లు, ఒక క్రయ దస్తావేజు నకలు, గుడ్డలో చుట్టిన ఒక జార్జి రాజు బొమ్మ రూపాయి ఉన్నాయి. వేరేవాళ్ళకైతే అవి చెదలు పట్టిన కాగితాలే. నాకు మాత్రం ఉద్యోగమంతా చూసినవి అవే కాబట్టి అక్కడే నేల మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాను. మా నాయనమ్మ చిన్నప్పుడు ముక్కలు ముక్కలుగా చెప్పిన కథ ఆ రోజు ఒక వరసలోకి వచ్చింది.

ముందు ఒక మాట. యుద్ధం అనగానే ధరలు పెరగడం, సరుకులు దొరకకపోవడం అనుకుంటాం. మా ఇంటిని మాత్రం రెండు యుద్ధాలూ కూల్చలేదు. ఆ రెండింటి మధ్యలో ధాన్యం చవకైపోయిన ఐదారేళ్ళు కూల్చాయి.

మొదటి యుద్ధం సంగతి చెబుతాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి ఎమ్డెన్ అనే జర్మన్ ఓడ వచ్చి మద్రాసు రేవులో కిరసనాయిలు ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. మద్రాసులో జనం మూటాముల్లె సర్దుకుని పారిపోయారు. మా ఊళ్ళో వాళ్ళకు యుద్ధం తెలిసింది గుళ్ళతో కాదు, బట్టలతో, దీపాలతో. పంచెల చాపు ధర, కిరసనాయిలు ధర చుక్కలకెక్కాయి. పండగకు కొత్తబట్టలు మానేశారని, సాయంత్రం అన్నాలు పొద్దుండగానే తినేసేవాళ్ళని నాయనమ్మ తన అత్తగారి నోట విన్నది. 1918లో వానలు లేవు, ఆ ఏడాదే ఇన్‌ఫ్లుయెంజా వచ్చింది. దేశంలో కోటి మందికి పైగా పోయారు. మా ముత్తాత తమ్ముళ్ళలో ఒకరు అందులోనే పోయారు. మద్రాసు రాష్ట్రంలో చాలాచోట్ల జనం ధాన్యం కొట్ల మీద పడ్డారు.

ఇక ఆ గుడ్డలో చుట్టిన రూపాయి. దాని మీద 1918 అని ఉంది. అప్పటి వెండి రూపాయి తులం బరువు, పన్నెండు పాళ్ళలో పదకొండు పాళ్ళు వెండి. యుద్ధంలో వెండి ధర ఎంత పెరిగిందంటే, రూపాయిని రూపాయిగా ఖర్చుపెట్టడం కంటే కరిగించడమే లాభం అయింది. జనం రూపాయలు దాచేశారు. సర్కారు దగ్గర వెండి నిండుకుంది. అందుకే 1917 నవంబరు 30న మొట్టమొదటి ఒక రూపాయి నోటు వేశారు. దాని వెనకే రెండున్నర రూపాయల నోటు కూడా వచ్చింది. అవీ చాలక, అమెరికా 1918లో చట్టం చేసి తన డాలరు నాణేలను కరిగించి సుమారు 20 కోట్ల ఔన్సుల వెండిని ఇండియా కోసం బ్రిటన్‌కు అమ్మింది. మా పెట్టెలో రూపాయి వెండి కూడా ఆ డాలర్లదే అయ్యుండవచ్చు. అరచేతిలో పెట్టుకుంటే ఇప్పటికీ బరువు తెలుస్తుంది. మా ముత్తాత నోటు ఇస్తే తీసుకునేవాడు కాదట, "కాగితానికి ధాన్యం ఇస్తానా" అనేవాడట. చివరికి ఆయన జీవితం కాగితాల మీదే తెల్లారిపోయింది, ఆ సంగతికే వస్తున్నాను.

యుద్ధం అయ్యాక పదేళ్ళు బాగానే గడిచాయి. ధాన్యానికి ధర ఉండేది, అప్పు అడిగితే పుట్టేది. మాకు నాలుగెకరాల మాగాణి. మా చిన్న తాతయ్య రంగం వెళ్ళాడు. రంగూన్‌ని మావైపు పెద్దవాళ్ళు రంగం అనే అంటారు. కాకినాడలో స్టీమరెక్కితే రంగంలో దిగడమే. అక్కడి రేవులో మూటలు మోసేవాళ్ళలో, రిక్షాలు లాగేవాళ్ళలో మనవాళ్ళు వేలకు వేలు. మన కోరంగి రేవు పేరు మీద వాళ్ళను అక్కడ కోరంగీలు అనేవాళ్ళు, అది గౌరవంగా అనే మాట కాదు. రెండు నెలలకోసారి అతని దగ్గర్నుంచి మనియార్డరు వచ్చేది.

ఆ ధీమాతోనే 1926 వైశాఖంలో మా తాతయ్య చెల్లెలి పెళ్ళికి ముత్తాత పక్క ఊరి రైతు దగ్గర 400 రూపాయలు అప్పు తెచ్చాడు. నూటికి రూపాయి వడ్డీ. అంటే నెలకు వందకు రూపాయి, ఏడాదికి పన్నెండు. ఆ రోజుల్లో అది అన్యాయమైన వడ్డీ ఏమీ కాదు. మొదటి ప్రోనోటు అదే. రెవెన్యూ స్టాంపు మీద అడ్డంగా సంతకం. నోటు వెనక మూడు చెల్లులు, అంటే కట్టిన సొమ్ముకు జమ రాతలు, ఉన్నాయి, ఏటా 48 రూపాయలు, వడ్డీ పూర్తిగా. మూడో చెల్లు సిరా ఇప్పటికీ నల్లగానే ఉంది.

ప్రోనోటుకు మూడేళ్ళ గడువు అని మీలో చాలామందికి తెలుసు. మూడేళ్ళు దాటితే కాలదోషం పడుతుంది, కోర్టులో చెల్లదు. అందుకని గడువు లోపల తిరగరాస్తారు. 1929 మే నెలలో అలా తిరగరాసిన రెండో నోటులో అసలు మళ్ళీ 400. అప్పటికి అంతా సవ్యంగానే ఉంది.

ఆ అక్టోబరులో న్యూయార్కు షేర్ల బజారు కూలింది. మా ముత్తాత ఆ ఊరి పేరైనా విని ఉండడు. కానీ ప్రపంచంలో పంటలు కొనేవాళ్ళ చేతిలో డబ్బు ఆడకపోయేసరికి గోధుమ పడింది, పత్తి పడింది, బియ్యం పడింది. రెండేళ్ళు తిరిగేసరికి ధాన్యం ధర సుమారు సగానికి వచ్చింది. ఆ పైన బర్మా, సయాం (ఇప్పటి థాయిలాండ్) బియ్యం ఇంకా చవకగా మద్రాసు రేవుల్లో దిగేది. ఇటు సర్కారు రూపాయి మారకం విలువను పద్దెనిమిది బ్రిటిష్ పెన్నీల దగ్గర బిగించి కూర్చుంది. 1927 నుంచి అదే రేటు. పదహారుకు దించమని మన వ్యాపారులు, కాంగ్రెసు వాళ్ళు మొత్తుకున్నా దించలేదు. ఆ రేటు నిలబెట్టడానికి చలామణీలోంచి డబ్బు లాగేశారు. పల్లెలో రూపాయి కంటికి కనబడడమే మానేసింది. నాయనమ్మ మాటల్లో చెప్పాలంటే, "గాదె నిండా గింజలున్నాయిరా, చేతిలో ఒక్క కానీ లేదు."

ఈ మాట నేను చాలాసార్లు తలుచుకున్నాను. కరువులో తిండి ఉండదు. ఇక్కడ తిండి ఉంది, డబ్బు లేదు. శిస్తు డబ్బుగానే కట్టాలి, గింజలు కొలుస్తామంటే కుదరదు. ధాన్యం ధర సగమైతే శిస్తు సగం కాలేదు. పైగా సరిగ్గా అదే సమయంలో గోదావరి, కృష్ణా జిల్లాల్లో రీసెటిల్మెంటు పేరుతో శిస్తును రూపాయికి మూడణాలు పెంచడానికి సిద్ధమయ్యారు. దాని మీద రైతులు సభలు పెట్టారు, రైతు నాయకుడు ఎన్.జి. రంగా గారు ఊరూరా తిరిగారు. మా తాతయ్య కూడా ఒక సభకు నడిచి వెళ్ళి వచ్చాడట. జీవితంలో ఆయన వెళ్ళిన సభ అదొక్కటే.

1930 మేలో రంగం నుంచి దెబ్బ తగిలింది. రేవులో మన తెలుగు కూలీలు కూలి పెంచమని సమ్మె చేశారు. స్టీమరు కంపెనీల తరఫువాళ్ళు బర్మా కూలీలను తెచ్చి పెట్టారు. సమ్మె పరిష్కారమై మనవాళ్ళు పనిలోకి రాగానే బర్మావాళ్ళను పొమ్మన్నారు. మే 26న గొడవలు మొదలై కొన్ని రోజులు నరుకుడే నరుకుడు. వందమందికి పైగా చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. బర్మా వాళ్ళను తిట్టి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. వాళ్ళ పొలాలు కూడా ఆ చవక రోజుల్లోనే అప్పులవాళ్ళ చేతికి పోతున్నాయి. పొట్టకూటి కోసం రేవుకు వచ్చినవాళ్ళను ఒకరి మీదికి ఒకరిని తోశారు. మా చిన్న తాతయ్య కట్టుబట్టలతో స్టీమరెక్కి ఇంటికి వచ్చేశాడు. మనియార్డర్లు ఆగిపోయాయి, ఇంట్లో ఒక విస్తరి పెరిగింది.

రెండో ప్రోనోటు వెనక తిప్పితే 1929 నుంచి రెండున్నరేళ్ళకు పైగా ఒక్క చెల్లు కూడా లేదు. తర్వాత 1932 ఫిబ్రవరి తేదీతో ఒకే ఒకటి, 60 రూపాయలు.

ఆ అరవై ఎక్కడివో నాకు తెలుసు. చిన్నప్పుడు నాయనమ్మ దగ్గర ఒక భరిణె ఉండేది. ఎర్ర మఖమలు అతికించిన చెక్క భరిణె, మూత మీద ఇత్తడి పువ్వు. అందులో వక్కలు, లవంగాలు పోసుకునేది. ఇంత అందమైన దాంట్లో వక్కలేమిటే అని అడిగితే, అది కాసులపేరు భరిణె అని చెప్పింది. పుట్టింటివాళ్ళు పెట్టిన కాసులపేరు. మాఘమాసంలో శిస్తు వాయిదాకు మునసబు ఇంటి ముందు వచ్చి కూర్చున్నాడు. కట్టకపోతే జప్తు. అత్తగారు ఏమీ అనలేదట, మామగారూ అడగలేదట. తనే భరిణె తెచ్చి తాతయ్య చేతిలో పెట్టింది. రామచంద్రపురంలో కంసాలి ఒక్కొక్క కాసూ గీటురాయి మీద గీసి చూస్తుంటే అన్నం వేళ దాటిపోయిందని తాతయ్య చెప్పేవాడట. వచ్చిన దాంట్లో శిస్తుకు పోగా మిగిలిన 60 అప్పుకు జమ చేశారు.

ఆ బంగారం కథ మా ఇంటి ఒక్కదానిదే కాదు. 1931 సెప్టెంబరు 21న బ్రిటన్ తన పౌనుకు బంగారంతో ఉన్న ముడి తెంచుకుంది. రూపాయి పౌనుకు కట్టేసి ఉంది కాబట్టి దాంతోపాటు కిందికి జారింది, ఇక్కడ బంగారం ధర లేచింది. అంతవరకు తులం 21 రూపాయల పైచిలుకు ఉన్నది కొద్ది నెలల్లోనే ముప్పై దగ్గరకు చేరింది. ఊరూరా కొనుగోలుదార్లు తిరిగారు. ఆ పదేళ్ళలో మన దేశం నుంచి 300 కోట్ల రూపాయల పైన విలువైన బంగారం ఓడలెక్కి వెళ్ళిపోయింది. రేటు బాగుందని జనం లాభానికి అమ్ముకున్నారని అప్పటి సర్కారు వాదించింది. నేను బ్యాంకు పరీక్షలకు చదువుకునే రోజుల్లో ఒక పుస్తకంలో ఈ మాట చదివి నాయనమ్మకు చెప్పాను. ఆవిడ నావైపు చాలాసేపు చూసి, "లాభానికి మెళ్ళో ఉన్నది ఎవరు తీస్తార్రా" అంది.

ఇక లెక్క చూడండి. మూడేళ్ళ వడ్డీ 144. అందులో 60 పోతే 84. 1932 మేలో తిరగరాసిన మూడో నోటులో అసలు 484. దాని వెనక ఏమీ లేదు, ఖాళీ. మరో మూడేళ్ళ వడ్డీ 174 కలిపి, 1935 మేలో నాలుగో నోటు 658 రూపాయలకు. రూపాయల్లో చూస్తే 400 కాస్తా 658 అయింది, అంటే ఒకటిన్నర రెట్ల పైన. అంతేగా అనిపిస్తుంది. కానీ మా ముత్తాత అప్పు తీర్చాల్సింది ధాన్యం అమ్మి. ధాన్యం ధర సగమైంది కదా, అంటే 1926లో వంద బస్తాలు అమ్మితే తీరే అప్పు 1935లో మూడు వందల బస్తాలు దాటినా తీరదు. ఆయన తాగలేదు, పేకాట ఆడలేదు, కొత్తగా ఒక్క రూపాయి తేలేదు. అప్పు మాత్రం మూడింతలైంది. ఉద్యోగంలో ఎన్నో మొండి బకాయిలు చూశాను, "రైతు ఎగ్గొట్టాడు" అని ఫైళ్ళ మీద రాయడం చూశాను. ఆ ట్రంకు పెట్టె ముప్పై ఏళ్ళ ముందు దొరికి ఉంటే ఆ ఫైళ్ళ మీద నేను రాసిన కొన్ని మాటలు వేరేగా రాసేవాణ్ణి.

మా ఇంటి ఒక్క లెక్కే ఇది అనుకోకండి. మద్రాసు రాష్ట్రం మొత్తంలో రైతుల అప్పు 1930లో 150 కోట్లని అంచనా వేశారు. 1935లో సత్యనాథన్ గారు సర్కారు తరఫున మళ్ళీ లెక్క తీస్తే 200 కోట్లు తేలింది. పంట ధర సగమైన ఐదేళ్ళలో అది.

అప్పిచ్చినాయన గురించి కూడా చెప్పాలి. కథల్లో షావుకారులా ఉండడు. ఆయనా రైతే. ఆయన ధాన్యం కూడా అమ్ముడుపోలేదు, ఆయనా ఇంకొకరికి బాకీ. 1936 మొదట్లో ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుని కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని నాయనమ్మ చెప్పింది. దావా వేయలేదు, వేలం దాకా రానివ్వలేదు. కాలవ గట్టు కింద ఎకరన్నర రాయించుకున్నాడు. మంచి రోజుల్లో ఒక ఎకరం లోపే తీరిపోయేది ఆ బాకీ. పొలం ధర కూడా ధాన్యంతోపాటే పడిపోయింది, కొనేవాడు లేడు. నాలుగో ప్రోనోటు మీద స్టాంపు దగ్గర సంతకం చింపి ఉంది. తీరిపోయిన నోటును అలా చింపి ఇచ్చేస్తారు. అది ముత్తాత దాచుకున్నాడు.

తర్వాతి సంగతి తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చింది. ఆ ఏడాది చివర్లో రైతులు ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా నడక మొదలుపెట్టారు. 1938లో రైతు రుణ విమోచన చట్టం వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన అప్పులైతే, 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ మొత్తం రద్దు, అసలు కడితే చాలు. ఎన్నిసార్లు తిరగరాసినా మొట్టమొదట చేతికి తీసుకున్నదే అసలు. అంటే మా నాలుగు ప్రోనోట్లూ చట్టం కళ్ళకు ఒక్కటే, 1926 నాటి 400. చట్టం రెండేళ్ళు ముందు వచ్చి ఉంటే ఎకరం లోపుతోనే బయటపడేవాళ్ళు. ఇంకొన్నాళ్ళు ఓపిక పట్టగలిగితే అదీ అక్కర్లేదు. రెండో యుద్ధం వచ్చి, 1942లో బర్మా జపాన్ చేతిలోకి పోయి అక్కడి బియ్యం ఆగిపోయేసరికి మన ధాన్యం ధర ఎగిరిపోయింది. పదేళ్ళ కింద కొనే దిక్కులేని గింజలకు సర్కారే కంట్రోలు పెట్టాల్సి వచ్చింది. మిగిలిన రెండున్నర ఎకరాల మీదే మా తాతయ్య ఆ రోజుల్లో చిన్నాచితకా బాకీలన్నీ తీర్చేశాడు. ముత్తాత అది చూడలేదు, 1939లోనే పోయాడు.

మీ ఇళ్ళలోనూ ఇలాంటి పెట్టెలుంటే పారేయకండి. ప్రోనోటు దొరికితే ముందు వెనక్కి తిప్పి చూడండి. ముందువైపు ఉండేది ఎంత తెచ్చారన్నదే, ఇంట్లో ఏం జరిగిందన్నది చెల్లుల తేదీల్లో ఉంటుంది. శిస్తు రసీదులు, క్రయ దస్తావేజులు పక్కన పెట్టుకుని 1929 నుంచి 1937 మధ్య ఏం అమ్మారో చూడండి. డెల్టాలో చాలా ఇళ్ళలో ఆ ఎనిమిదేళ్ళలోనే పొలం చేతులు మారి ఉంటుంది. ఎవరో తాత దుబారా చేశాడని ఇంట్లో చెప్పుకుంటూ ఉంటే, ఆ మాట నమ్మేముందు తేదీలు చూడండి. మా ముత్తాతను కూడా "ఆడపిల్ల పెళ్ళికి పొలం తగలేశాడు" అనే అన్నారు చాలాకాలం.

మా నాన్నకు 1954లో ఉద్యోగం వచ్చింది. మొదటి రెండేళ్ళ జీతంలో దాచి, అమ్మా నీకు కాసులపేరు చేయిస్తాను అన్నాడట. నాయనమ్మ వద్దంది. "కాలవ గట్టు చేను అమ్ముతారేమో కనుక్కో" అంది. నాన్న వెళ్ళి అడిగాడు. వాళ్ళు అమ్మలేదు.